గొంతు తప్ప ఒళ్లంతా పరీక్ష

గుట్కా పొట్లం పళ్లతో చింపి పదిహేనేళ్లుగా దవడలో దోపుకుంటున్న పెద్దమనిషికి నోటి ఆరోగ్యం మీద ఉన్నట్టుండి శ్రద్ధ పుట్టిందంటే ఒకటే అర్థం: మొన్న శనివారం రాత్రి ఏదో జరిగింది. ఏం జరిగిందో ఆయన చెప్పడు. డాక్టరుకు చెప్పడు, భార్యకు అసలే చెప్పడు, స్నేహితుడి దగ్గర మాత్రం "మా ఆఫీసులో ఒకతనికి" అంటూ మొదలుపెడతాడు. రాత్రి రెండింటికి బాత్‌రూము గడియ పెట్టుకుని, ఫోను టార్చి నోట్లోకి కొట్టుకుని, నాలుక బారెడు చాపి అద్దంలో చూసుకుంటాడు. నాలుక వెనక వరుసగా బుడిపెలు కనిపిస్తాయి. ఇంకేముంది, కాళ్లలో సత్తువ పోతుంది. ఆ బుడిపెలు ఆయనతోపాటే పుట్టాయి. ప్రతి మనిషి నాలుక మొదట్లోనూ ఎనిమిది నుంచి పన్నెండు దాకా, తిరగేసిన ఇంగ్లిషు ‘వీ’ ఆకారంలో కూర్చుని రుచులు చెబుతుంటాయి. ఇన్నేళ్లు వాటితో ఉలవచారు రుచి చూసి, ఇవాళ వాటినే ఎవరు మీరని అడుగుతున్నాడు.

పెదవి తిప్పి చూస్తే లోపల సన్నగా పసుపు చుక్కలు. అవీ జబ్బు కాదు. దారి తప్పి పెదవి మీద తేలిన నూనె గ్రంథులు. ఫోర్డైస్ అనే అమెరికా చర్మవైద్యుడు 1896లోనే వాటి గురించి రాసిపెట్టాడు, పెద్దవాళ్లలో చాలామందికి ఉంటాయి. కానీ రాత్రి రెండింటికి ఫోర్డైస్ ఎవరికి గుర్తొస్తాడు? ఇలవేల్పే గుర్తొస్తుంది. కాలినడకన తిరుమల మొక్కు ఖాయమవుతుంది.

పొద్దున్నే డయాగ్నస్టిక్ సెంటరుకు బయల్దేరతాడు. సొంత పేటలో కాదు, అక్కడి టెక్నీషియను తోడల్లుడికి తెలిసినవాడు. దిల్‌సుఖ్‌నగర్ మనిషి కూకట్‌పల్లి వెళ్తాడు, కూకట్‌పల్లి మనిషి దిల్‌సుఖ్‌నగర్ వస్తాడు. గుంటూరాయన విజయవాడకూ, విజయవాడాయన గుంటూరుకూ టికెట్టు తీసుకుంటారు. మంగళగిరి దగ్గర రెండు బస్సులూ ఎదురుపడతాయి.

"ఏం టెస్టు సార్?"

"అదే... జనరల్‌గా..."

"షుగరా? థైరాయిడా?"

"అన్నీ."

"అన్నీ అంటే ఫుల్ బాడీ ప్యాకేజీ ఉంది సార్. ఎస్టీడీ ప్రొఫైల్ విడిగా ఉంటుంది. అది కూడా రాసేయమంటారా?" అని ఆ అమ్మాయి వెనక వరుసలో ఉన్న షుగరు పేషెంట్లందరికీ వినపడేలా అడుగుతుంది.

"వీసాకి అడిగారమ్మా," అంటాడు మనవాడు, నేల చూపులు చూస్తూ. ఏ దేశం వీసాకో ఆమె అడగదు. ఇలాంటి వీసాలు ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది.

సాయంత్రానికి పంచాంగమంత రిపోర్టు వస్తుంది. విటమిన్ డి తక్కువ, కొలెస్టరాల్ ఎక్కువ, లివరు కాస్త అలిగి ఉంది. హెచ్‌ఐవీ నాన్ రియాక్టివ్, హెపటైటిస్ బి నెగెటివ్, సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్ నాన్ రియాక్టివ్. రక్తం తీశారు, మూత్రం పట్టారు, ఈసీజీ కూడా తీశారు. నోరు తెరవమని మాత్రం ఎవరూ అనలేదు. ఏ గొంతు మీద బెంగతో ఆ మనిషికి వారం రోజులుగా అన్నం సహించలేదో, ఆ గొంతులోకి ఒక్క దూదిపుల్ల వెళ్లలేదు. గనేరియా అనే సుఖవ్యాధి గొంతుకే పరిమితమైతే రక్తపరీక్షకూ అందదు, మూత్రపరీక్షకూ అందదు. గొంతు వెనక గోడను పుల్లతో తుడిచి, ఆ తుడిచినదాన్ని పరీక్షిస్తే తప్ప బయటపడదు. మామూలు ప్యాకేజీలో అది ఉండదు. అడిగేవాడు లేక ఉండదు. అడగాలంటే ఎందుకో చెప్పాలి మరి! నాలుగు సీసాల రక్తం అడిగితే కిమ్మనకుండా ఇస్తాడు గానీ, మనవాడు నాలుగు మాటలు చెప్పడు.

భయపడటంలోనూ ఆయనకో పద్ధతుంది. రానిదాన్ని తలుచుకుని వణుకుతాడు, రాగలిగినదాని పేరు కూడా అడగడు. ముఖరతి వల్ల, అంటే నోటితో జరిపే రతి వల్ల, హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు లేదనే వైద్యులు చెబుతారు. నోట్లో పుండ్లున్నా, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా కాస్త పెరగొచ్చు, అప్పుడూ తక్కువే. ఎంగిలి గ్లాసుతో రాదు, ఉమ్మితో రాదు. ఇప్పుడు ల్యాబుల్లో చేసే నాలుగో తరం పరీక్ష 45 రోజులకు లేదని చెబితే లేనట్టే. మామూలు రాపిడ్ కిట్టయితే 90 రోజులు. ఆ 90 రోజులు దాటి నెగెటివ్ వచ్చాక కూడా మనవాడు మరో ల్యాబుకు వెళ్తాడు, ఈ మెషీను సరిగా లేదేమోనని. సూది గుచ్చుకునో మరోలాగో నిజంగా ముప్పు ఉన్నవాళ్ల కోసం 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకునే మందుంది. దాని అవసరం లేనివాడు మూడో గంటకే పరుగెత్తుకొస్తాడు, అవసరమున్నవాడు నాలుగో రోజున తాపీగా వస్తాడు.

ఇంకో విడ్డూరం. శుభ్రత పేరు చెప్పి ముందూ వెనకా పళ్లు బరబరా తోమేస్తాడు. తోమితే చిగుళ్లు ఒరుసుకుంటాయి, ఒరుసుకున్న చిగురే క్రిమికి వాకిలి. ఆ పూట బ్రష్షు జోలికి పోకపోతేనే మేలని దంతవైద్యులు చెబుతారు. ఆ తర్వాత మౌత్‌వాష్‌తో గంటసేపు పుక్కిలింత. ఈ పుక్కిలింతకు పెద్ద చరిత్రే ఉంది. గనేరియా క్రిమిని ఆల్బర్ట్ నైసర్ కనిపెట్టిందీ, అమెరికాలో లిస్టరిన్ మందు తయారైందీ ఒకే ఏడు, 1879లో. తొలినాళ్లలో ఆ లిస్టరిన్‌ను గనేరియాకు మందని కూడా అమ్ముకున్నారు. ఈ మధ్య ఆస్ట్రేలియా వైద్యులు నిజమేనేమో చూద్దామని పరీక్షపెట్టారు. మొదటి చిన్న అధ్యయనంలో కాస్త ఆశ కనిపించింది గానీ, తర్వాత పెద్ద ఎత్తున చేసిన దాంట్లో మరో మామూలు మౌత్‌వాష్ కంటే ఎక్కువ ఒరిగిందేమీ లేదని తేలింది. నోరు కంపు కొట్టకుండా ఉంటుంది, అంతవరకే.

మన తాతలు సెగరోగమన్న ఈ గనేరియా కింద వస్తే మంట పెట్టి, చీము కార్చి ఊరంతా చాటింపు వేస్తుంది. గొంతులో చేరితే మాత్రం చాలామందిలో కిక్కురుమనదు. జలుబు లేదు, జ్వరం లేదు, మింగితే నొప్పి లేదు. మనవాడేమో నొప్పి కోసం ఎదురుచూస్తుంటాడు. గొంతు కాస్త గరగరమంటే, అది ముందురోజు తిన్న ఐస్‌క్రీము వల్లయినా సరే, ఇదిగో వచ్చేసిందంటాడు. ఏ గరగరా లేకపోతే బతికిపోయాననుకుంటాడు. రెండూ తప్పే.

కొన్ని వారాలకో, నెలలకో అది చాలాసార్లు దానంతటదే పోతుంది కూడా. ఈ లోపల అది చేసే పని తెలిస్తే మందుల పరిశోధకులకు నిద్రపట్టదు. మన గొంతులో ఎవరికీ హాని చేయని నైసీరియా జాతి క్రిములు మరికొన్ని కాపురముంటాయి. మనం ప్రతి తుమ్ముకూ మింగిన గోళీల దెబ్బకు రాటుదేలిన క్రిములవి. గనేరియా క్రిమి వాటి పక్కన చేరి, మందును తట్టుకునే జన్యువుల్ని వాటి దగ్గర పుచ్చుకుంటుంది. మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా, ప్రశ్న లేకుండా దొరికే మూడు గోళీల అజిత్రోమైసిన్ పట్టీని గుర్తు తెచ్చుకోండి. జలుబుకదే, దగ్గుకదే, కోవిడుకూ అదే. "అన్నా, గొంతు బాలేదు" అంటే తమ్ముడు పట్టీ తీసి కౌంటరు మీద పెడతాడు. మనవాడు ఒకటి వేసుకుని, రెండోది వేసుకుని, మనసు కుదుటపడిందని మూడోది బీరువాలో దాస్తాడు, వచ్చే శనివారానికి పనికొస్తుందని.

దాని ఫలితం ఎలా ఉంటుందో 2018లో బ్రిటన్‌లో చూశారు. ఆగ్నేయాసియా వెళ్లొచ్చిన ఒకాయనకు గనేరియా పట్టుకుంది. సెఫ్ట్రియాక్సోన్ సూది, అజిత్రోమైసిన్ గోళీ అనే రెండు ప్రధానాయుధాలకూ గట్టిగా ఎదురు నిలిచిన క్రిమి అది. అలాంటిది బయటపడటం ప్రపంచంలో అదే మొదటిసారి. మందులు మారుస్తూ పోయారు. మూత్రంలో లేకుండా పోయింది, గొంతులో మాత్రం తిష్ఠ వేసింది. చివరికి ఎర్టాపెనెమ్ అనే మందును మూడు రోజులు నరానికి ఎక్కిస్తే వదిలింది. ఈ జబ్బుకు గొంతే ఆఖరి కోట. మన ప్యాకేజీలు ఆ కోట గుమ్మం కూడా తొక్కవు.

సిఫిలిస్ ఇంకా గడుసుది. ముఖరతితో బాగానే అంటుకుంటుంది. పెదవి మీదో, నాలుక మీదో ఒక్క పుండు లేస్తుంది. నొప్పి ఉండదు. నొప్పి లేకపోతే మనకది జబ్బే కాదు. మన ఇళ్లలో నోట్లో ఏం లేచినా ముందే రాసిపెట్టిన రోగనిర్ధారణ ఒకటుంది: వేడి చేసింది. అత్తగారు సబ్జా గింజల నీళ్లిస్తుంది, భార్య మజ్జిగ ఇస్తుంది, ఈయన బీకాంప్లెక్స్ గోళీ చప్పరిస్తాడు. కొన్ని వారాలకు పుండు మాయం. చూశారా మజ్జిగ మహిమ అంటారు. పుండు మానింది గానీ క్రిమి రక్తంలో దిగింది. కొన్నాళ్లకు ఒంటి మీద దద్దుర్లు లేస్తే మళ్లీ వేడే, మళ్లీ మజ్జిగే. కారంగా ఏది తగిలినా ప్రాణం లేచొచ్చేలా నొప్పెట్టే తెల్ల పుండ్లు మాత్రం సుఖవ్యాధి కావు, ఎవరి నుంచీ రావు. వాటిని చూసి మనవాడు వీలునామా రాసుకుంటాడు. నొప్పిలేని దాన్ని చూసి ఆవకాయ వడ్డించుకుంటాడు. వైద్యం సంగతా? తొలిదశలో సిఫిలిస్‌కు 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు చాలు. ఎనభై ఏళ్లుగా ఆ క్రిమి పెన్సిలిన్ ముందు తలెత్తలేదు. పిరుదుకు సూదంటేనే మనవాడికి భయం.

హెర్పిస్ పరీక్ష చేయించుకున్నవాళ్ల కథ వేరు. జ్వరం తగ్గాక పెదవి అంచున గుత్తిగా లేచే నీటిపొక్కులుంటాయి కదా, అవి టైప్ 1 హెర్పిస్. ప్రపంచంలో 50 ఏళ్లలోపు వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒంట్లో ఈ వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువమందికి చిన్నప్పుడే, ముద్దు చేసిన మేనత్త వల్లో అమ్మమ్మ వల్లో వచ్చి ఉంటుంది. పొక్కులున్నప్పుడు ముఖరతి జరిగితే అది కిందికీ సోకుతుంది కాబట్టి ఆ నాలుగు రోజులు దూరంగా ఉండాలి. అది తెలుసుకుంటే చాలు. మనవాడు అది తెలుసుకోడు, ఏ పొక్కూ లేకుండా రక్తంలో హెర్పిస్ యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటాడు. పాజిటివ్ వస్తుంది. రాకేం చేస్తుంది? అమ్మమ్మ ముద్దు ముప్పై ఐదేళ్ల తర్వాత శనివారం నాటి మనిషి నెత్తిన పడుతుంది.

తప్పంతా ఈ ఒక్క పిరికి పెద్దమనిషిదే అంటే అన్యాయం. నోరు విప్పొద్దని ఆయనకు నేర్పిన గురువులున్నారు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో ముఖరతి మీద ఔపరిష్టకమని ఒక అధ్యాయమే రాసిన దేశంలో, ఇంగ్లిషువాడు 1860లో తెచ్చిన శిక్షాస్మృతి 377వ సెక్షన్ కింద ఇదే పని నేరమైంది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి నాలుగు గోడల మధ్య చేసినా నేరమే, శిక్ష యావజ్జీవం దాకా. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు కొట్టేసే దాకా పుస్తకంలో అలాగే ఉంది. యావజ్జీవ శిక్ష పడే పనిని డాక్టరుకు ఎవడు చెప్పుకుంటాడు? సరే, బడిలోనైనా చెబుదామా అంటే, 2009లో మన నెల్లూరు వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూర్చుని, బడుల్లో లైంగిక విద్య వద్దు, పెళ్లికి ముందు నిగ్రహం నేర్పండి చాలని సెలవిచ్చింది. పిల్లలు బుద్ధిగా విన్నారు. నిగ్రహం నేర్చుకోలేదు గానీ, మాట్లాడకుండా ఉండటం బాగా నేర్చుకున్నారు.

బడి వదిలేసిన పాఠాన్ని రెండు చోట్ల చెప్పారు. ఒకటి వారపత్రిక. విజయవాడ డాక్టర్ సమరం గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి ప్రశ్నలకు జవాబులు రాశారు. ఆ పేజీ చదవనట్టే నటిస్తూ తెలుగు కుటుంబమంతా చదివింది. రెండోది గోడ. రైల్వే స్టేషను ప్రహరీ మీద, బస్టాండు మూత్రశాలలో, పసుపు రంగు మీద ఎర్రక్షరాలతో: సుఖవ్యాధులు, నరాల బలహీనత, గ్యారంటీ వైద్యం, ఫలానా లాడ్జి, ఫలానా రూము, ప్రతి ఆదివారం. సుఖవ్యాధులకు మందు ఉందని ఇలా ప్రకటించుకోవడమే నేరమని 1954లోనే చట్టం వచ్చింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. ఆ చట్టాన్ని అమలుచేయాల్సిన పెద్దలు ఆ గోడ పక్కనుంచే ఆఫీసుకు వెళ్తారు. లాడ్జి వైద్యుడు నాడి పట్టి, కళ్లు చూసి, "చిన్నప్పటి అలవాట్లు" అని ఒక్క మాటంటాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే మనవాడు అక్కడికక్కడే పర్సు తీస్తాడు. ఆ వైద్యుడూ గొంతు చూడడు.

పోనీ సర్కారు వైద్యముంది. ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లని పెట్టారు. లక్షణాన్ని బట్టి రంగు రంగుల కిట్లిస్తారు, డబ్బు తీసుకోరు. బూడిదరంగు కిట్టులో అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉంటాయి. మంచి ఏర్పాటే, లక్షలమందికి మేలు చేసింది. కానీ పద్ధతంతా లక్షణం మీద నడుస్తుంది, గొంతేమో లక్షణమే చూపించదు. పైగా గొంతులోని గనేరియా మీద సెఫిక్సిమ్ గోళీ కంటే సెఫ్ట్రియాక్సోన్ సూదే గట్టిగా పని చేస్తుంది. ఇవన్నీ అక్కడి డాక్టరుకు తెలుసు. నోటితో సంబంధముందని మీరు చెబితే ఆ దారిన చూస్తారు, చెప్పకపోతే కనిపెట్టడానికి వాళ్లేం సోదె చెప్పేవాళ్లు కారు. హెచ్‌ఐవీ పరీక్షయితే రహస్యంగా ఉంచాల్సిందే, మీ అనుమతి లేకుండా చేయకూడదు. అలా కట్టడి చేసిన 2017 చట్టం అమల్లోకి వచ్చింది 2018 సెప్టెంబరు 10న, అంటే 377 తీర్పు వచ్చిన నాలుగు రోజులకే. ఒకే వారంలో నోటికి జైలు భయం పోయింది, రిపోర్టుకు కాపలా వచ్చింది. మనవాడు మాత్రం ఇప్పటికీ మంగళగిరి దగ్గర బస్సులోనే ఉన్నాడు.

చివరిగా క్యాన్సర్. ముఖరతితో హెచ్‌పీవీ అనే వైరస్ గొంతులో చేరితే, చాలామందిలో అదే పోతుంది, కొద్దిమందిలో ఏళ్ల తరబడి ఉండిపోయి గొంతు క్యాన్సర్‌కు దారితీస్తుంది. అమెరికాలో ఇది పెద్ద సమస్యే. దానికి టీకా ఉంది, సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సర్వవ్యాక్ 2023 నుంచి మన దేశంలోనే దొరుకుతోంది. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వేయొచ్చు. తండ్రిగారికి ఆ ఊసు పట్టదు. తన గొంతులో హెచ్‌పీవీ ఉందేమోనని గుట్కా నములుతూ ఆలోచిస్తుంటాడు. భారతదేశంలో మగవాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ నోటిదే, దానికి ముఖ్యకారణం పొగాకు, వక్క. శ్రీకాకుళం, విశాఖ తీరపల్లెల్లో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే ముసలమ్మలకు అంగిట్లో క్యాన్సర్ రావడం మన వైద్యులు దశాబ్దాల కిందే చూసి రాశారు. ఆ ముసలమ్మల నోటి గురించి ఎవరూ సిగ్గుపడలేదు, ఎవరూ వణకనూ లేదు. శనివారం రాత్రి లేని చోట మనకు క్యాన్సర్ కూడా ఆసక్తిగా ఉండదు.

ఈ కథలో ఇంత దూరం వచ్చినా ఒక మనిషి మాట రాలేదు. వంటింట్లో మజ్జిగ చిలుకుతున్న ఆవిడ. ఆయన నాలుక ఆయన చూసుకున్నాడు, ఆయన రక్తం ఆయన ఇచ్చుకున్నాడు, గోళీ ఆయనే మింగాడు. ఆవిడకు పరీక్ష చేయించాలన్న ఊహ ఏ రాత్రి రెండింటికీ రాలేదు. గనేరియా, క్లమీడియా ఆడవాళ్లలో చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండానే పాకి గర్భనాళాలను మూసేస్తాయి. మూడేళ్ల తర్వాత పిల్లలు లేరని ఫెర్టిలిటీ సెంటరుకు తీసుకెళ్తే, పరీక్షలు ఆవిడతోనే మొదలుపెడతారు, మాటలు ఆవిడే పడుతుంది. ఆయన పక్క కుర్చీలో కూర్చుని, పాపం, ఓదారుస్తాడు.

కాబట్టి అయ్యా, ఈసారి ల్యాబుకు వెళ్లే బదులు చర్మ, సుఖవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. "నోటితో" అన్న ఒక్క మాట పలకండి, గొంతు స్వాబ్ తీయమనండి. ముఖం చూపించుకోలేకపోతే 1097కు ఫోను చేయండి, డబ్బులు పడవు. వెళ్లేటప్పుడు ఇంట్లో మనిషిని కూడా తీసుకెళ్లండి. ఈ జబ్బులకు ఒక్కరే మందు వేసుకుంటే మళ్లీ అంటుకుంటాయి. సురక్ష క్లినిక్‌లో రెండో మనిషికి ఇచ్చే మందు కూడా ఉచితమే.